తిప్పి కట్టిన తీగలు

2018 జూన్ 10, ఆదివారం

గిటారు వచ్చింది. మనిషి రాలేదు.

కొడిమ్యాల రంజిత్ సెలవు మీద వచ్చాడు. మస్కట్‌లో మా ఆయనతో ఒకే గదిలో ఉండే పిల్లాడు. ఆయన పంపిన సామానంతా ఆటోలో తెచ్చి దింపాడు. రెండు దుప్పట్లు, పాలపొడి డబ్బాలు, హాస్టల్లో ఉన్న మా అక్షితకు బూట్లు, అత్తమ్మకు మోకాళ్ల నొప్పుల నూనె. చివరికి ఒక పొడుగాటి నల్ల సంచి.

"ఇదేంది రంజిత్?"

"గిటారు వదినె. అన్నది." అనేసి, నాలుక కరుచుకున్నట్టు ఆగి, "అన్నది గాదు, అన్న దగ్గరుండె. ఇంట్ల పెట్టమన్నడు, గంతే" అన్నాడు.

చాయ్ పెడతానన్నా ఆగలేదు. మూడేళ్ల తర్వాత వచ్చినవాడు నా ముఖం చూడకుండా అంత తొందరగా ఎందుకు పోయినట్టు?

బీడీల కార్ఖానా సేటు ఇచ్చిన ఈ డైరీ ఇన్నాళ్లూ ఖాళీగా పడి ఉంది. అత్తమ్మకు చదువు రాదు. రాసుకుంటే ఏం కాదు.

జూన్ 11

ఫోన్లో అడిగాను. "మా రూముల ఒకనిది. ఆడ జాగ లేదంటె పంపిచ్చిన. సంచి ఇప్పకు" అన్నాడు.

ఒకనిదైతే వాడి ఇంటికి పంపాలి. మా ఇంటికెందుకు?

జూన్ 14, గురువారం

విప్పాను.

పసుపుపచ్చ కట్టె. ఆరు తీగలు. వేలితో ఒకటి లాగితే ఇల్లంతా మోగింది. బయట బీడీ ఆకు తడుపుతున్న అత్తమ్మ "ఏం పడ్డదే?" అని కేకేసింది. "చెంబు" అన్నాను.

సంచి పక్క జేబులో మడత పెట్టిన కాగితం ఉంది. నిలువు గీతలు, అడ్డం గీతలు, వాటి మీద చుక్కలు. కింద గుండ్రటి ఇంగ్లీషు అక్షరాలు. ఇంటర్ దాకా చదివిన ఇంగ్లీషుతో కూడబలుక్కుని చదివాను. "మెల్లగా, మెల్లగా. ఏడవకు మహీ. – జాయ్."

మహీ!

మహేందర్ అని వాళ్లమ్మ పిలుస్తుంది. మహేందరన్నా అని ఊరు పిలుస్తుంది. పెళ్లయి పన్నెండేళ్లయింది, నేనే ఏనాడూ మహీ అనలేదు.

జూన్ 17, ఆదివారం

ఆయన ఏడవడం నేను చూడలేదు. మామయ్య తాటిచెట్టు మీది నుంచి పడి చనిపోయిననాడు కూడా ఏడవలేదు. జాయ్ చూసిందన్నమాట.

ఇప్పుడు అన్నీ గుర్తొస్తున్నాయి. రెండేళ్లకోసారి వచ్చేవాడు ఈసారి మూడేళ్లయినా రాలేదు. పోయిన దసరాకు టికెట్ కొన్నానని చెప్పి, సెలవు దొరకలేదన్నాడు. ఫోన్లో ముఖం తప్ప ఇంకేమీ కనిపించదు. వెనక ఎప్పుడూ అదే సున్నం గోడ. "రూము చూపెట్టు" అంటే "నెట్ గుంజుకుంటది" అంటాడు. ఒకప్పుడు వండుకుంటూ, బట్టలు పిండుకుంటూ మాట్లాడేవాడు. రెండేళ్లుగా ఆ పనులేవీ నాకు కనిపించలేదు. ఎవరు చేసి పెడుతున్నట్టు?

జూన్ 25, సోమవారం

సోమవారం బీడీలు అప్పజెప్పి ఆకు, తంబాకు తెచ్చుకునే రోజు. కోరుట్ల పోవడానికి ఎవరికీ జవాబు చెప్పే పని లేదు. గిటారు సంచిని ఎలుకలు కొరికాయి, కుట్టించుకొస్తానని అత్తమ్మకు చెప్పి దాన్ని కూడా పట్టుకుపోయాను.

బస్టాండు వెనక కుట్టుమిషన్లు బాగుచేసే బాలరాజు ఉన్నాడు. పెళ్లిళ్లలో ఆర్కెస్ట్రా ఉన్న రోజుల్లో గిటారు వాయించేవాడట. ఇప్పుడు ఆదివారాలు చర్చిలో వాయిస్తాడు. అరవై దాటి ఉంటాయి. గిటారును ఒళ్లో పెట్టుకుని, ఒక్క తీగ మీటి, చటుక్కున ఆగిపోయాడు.

"ఇది ఎవలు వాయిస్తరమ్మా?"

"మా ఆయన."

"ఆయనది పుర్రచెయ్యా?"

"కాదు. అన్నం తినుడు, రాసుడు, అంత కుడిచేత్తోనే."

"అట్లయితె ఇది ఆయన కోసం కట్టింది గాదు" అన్నాడు బాలరాజు. నన్ను దగ్గరికి పిలిచి చూపించాడు. "అందరికి లావు తీగ పైకుంటది. గిండ్ల కిందికున్నది సూడు. దుకాణంల కొన్నప్పుడు మామూలు గిటారే. తర్వాత ఎవలో తీగలన్ని తీసి తిప్పి కట్టిన్రు. గీ గాట్లు గూడ ఆకురాయితోని అరగదీసి ఎడల్పు చేసిన్రు. పుర్రచేతోళ్ల కోసమే గిన్ని తిప్పలు వడేది."

కాళ్ల కింద ఆకు కట్ట పెట్టుకుని కూర్చున్నాను.

"మల్ల మంచిగ తిప్పి కట్టియ్యనా?"

"వద్దు."

"మరేం జెయ్యాలె?"

నా నోట్లోంచి ఎట్లా వచ్చిందో తెలియదు. "నాకు నేర్పుతవా అన్నా? ఎట్లున్నది అట్లనే."

పేరడిగాడు. సంగీత అంటే నవ్వాడు. "నవ్వకన్నా. మా బాపు సిరిసిల్లల సాంచలు నడిపెటోడు. రాత్రి పగలు గా మగ్గాల చప్పుడే ఇనుకుంట, బిడ్డ పుడితె గీ పేరు వెట్టిండు" అన్నాను.

"సోమారం రా. రైట్ చేతి గోర్లు తీసి రా" అన్నాడు.

జూన్ 26

జాయ్‌ది పుర్రచెయ్యి.

జూలై 2, సోమవారం

తీగలు తిప్పి ఉన్నాయి కాబట్టి కుడిచేత్తో నొక్కాలి, ఎడమచేత్తో మీటాలి. బీడీ మూతి మడిచేది నేను కుడి చూపుడువేలి గోరుతోనే. పదహారేళ్ల నుంచి పెంచుకున్న గోరు. నిన్న బ్లేడుతో తీసేశాను. పొద్దున బీడీలు చుడుతుంటే మూతులు విచ్చుకుపోతున్నాయి. అత్తమ్మ ఒకటి తీసి చూసి, నా వేలు చూసి, మళ్లీ బీడీ చూసింది.

"గోరేది?"

"ఇరిగింది."

"కత్తిరిచ్చినట్టు ఇరిగిందా?"

బాలరాజు అన్న ఇవాళ ఒక్కటే చెప్పాడు. ఎక్కడ నొక్కాలో. "మెట్టు మీద గాదు, మెట్టు పక్కకు. గట్టిగ గాదు, సరిగ్గ." గంటసేపు నొక్కితే ఒక్కసారి శుద్ధమైన మోత వచ్చింది. మిగతాదంతా రేకు గీసినట్టు.

జూలై 9

వేళ్ల కొసలకు బొబ్బలు. పచ్చడి కలిపితే ప్రాణం పోయినంత పనైంది.

జూలై 12

అత్తమ్మ రేషన్ షాపుకు పోయినప్పుడు మాత్రమే తీస్తాను. నేను నేర్చుకోవడం లేదు. చూస్తున్నాను, అంతే.

జూలై 23, సోమవారం

బొబ్బలు పగిలాయి, తోలు ఊడింది, కొత్త తోలు గట్టిపడుతోంది. "ఇగ గిటారుకు సుట్టమయినవ్" అన్నాడు బాలరాజు అన్న.

మూడు వేళ్లతో మూడు చోట్ల ఒకేసారి నొక్కితే దాన్ని కార్డు అంటారు. జీ, సీ, డీ, ఈ మూడు వస్తే ఏదో ఒక పాట వస్తుందట. ఒక్కోటి పెట్టడం వచ్చింది. ఒకదాన్నుంచి ఇంకోదానికి పోవడమే రావడం లేదు. వేళ్లు గాలిలో ఆగిపోతాయి. ఆలోచించిన కొద్దీ ఆలస్యం. "నువ్వు యాది వెట్టుకోకు. చెయ్యికే యాదికుంటది" అంటాడు.

గిటారు మెడ కట్టె మీద తీగల కింద కొన్నిచోట్ల రంగు పోయి ఉంది. ఎందుకని అడిగాను.

"ఎవలో గా మూడు కార్డులే వాయించుకుంట కూసున్నరు. వేరే జాగల కట్టె కొత్తగనే ఉన్నది. నేర్చుకునేటోళ్ల గిటారు గిట్లనే ఉంటది."

"కుడిచేతోళ్లు గూడ దీని మీద నేర్చుకోవచ్చునా?"

"నువ్వు నేర్చుకుంటలేవా?"

"ఎన్ని దినాలు వడ్తది?"

"రోజు గంట కూసుంటె మూడు నెలలు. అది గూడ, పక్కకు ఓపికగ చెప్పెటోళ్లు ఒకలుంటె."

బస్సులో వస్తూ అదే అనుకున్నాను. ఆమె గిటారు. ఆయన వేళ్లు. మూడు నెలలు, రోజూ గంట, పక్కన ఒకరు. మెల్లగా మెల్లగా అంటూ.

నాతో ఫోన్లో ఐదు నిమిషాలు.

ఆగస్టు 6, సోమవారం

ఇవాళ కోరుట్లలో దిగి బీడీలు అప్పజెప్పి, బాలరాజు అన్న దగ్గరికి పోకుండా జగిత్యాల బస్సెక్కి, అక్కడి నుంచి కొడిమ్యాల పోయాను. రంజిత్ వాకిట్లో మోటారు విప్పుకుని కూర్చున్నాడు. వాళ్లమ్మ కిష్టవ్వ మంచినీళ్లిచ్చి లోపలికి పోయింది.

"జాయ్ ఎవలు రంజిత్?"

పానా చేతిలోంచి జారింది. "నీకెవలు జెప్పిండ్రు?"

"నువ్వు జెప్పు."

"జాయ్ మంచి మనిషి వదినె. జాయ్ లేకపోతె అన్న ఏమైపోవునో నాకే తెల్వదు."

"ఏమైపోతుండె?"

"నన్నడగకు."

"ఎందుకడగద్దు? నా పెనిమిటి గురించి నేను అడగద్దా?"

"అన్న ఒట్టు వెట్టిచ్చుకున్నడు. అక్షిత మీద." వాడి కళ్లల్లో నీళ్లు తిరిగాయి. "మంచే జరిగింది, చెడు జరగలే. గంతే అనుకో వదినె."

బిడ్డ మీద ఒట్టు! ఇంకేం కావాలి నాకు?

బస్సులో కిటికీ పక్కన కూర్చుని తొడ మీద కుడిచేతి వేళ్లతో జీ, సీ, డీ పెడుతూ వచ్చాను. జగిత్యాల వచ్చేదాకా నాకే తెలియలేదు.

ఆగస్టు 19, ఆదివారం

అత్తమ్మ ఫోన్లో చెప్పేసింది. నేను పెరట్లో ఉన్నాననుకుంది.

"సోమారం సోమారం పొద్దు గూకినంక అత్తున్నదిరా. గా గిటారు గూడ వట్టుకపోతది. కోరుట్లల ఎవడో మిషిన్ల బాలరాజట. గోరు గూడ తీసేసింది. నాకేం తెలుసు, నాకు గన్పడ్డది చెప్తున్న."

తర్వాత ఫోన్ నాకిచ్చింది.

"ఎటు పోతున్నవ్?" అన్నాడు ఆయన.

"కార్ఖానాకు."

"గిటారు వట్టుకోని కార్ఖానాకా?"

"సంచి కుట్టిచ్చిన."

"రెండు నెలలు కుడ్తరా సంచి?"

"ఎవలదో గిటారు మీద నీకెందుకు గింత పాణం?" అన్నాను.

ఆయన ఊపిరి వినపడుతోంది. తర్వాత పెట్టేశాడు.

జాయ్ పేరు ఎత్తలేదు నేను. ఎత్తితే ఏదో ఒకటి చెబుతాడు. అబద్ధం చెబితే నమ్మాల్సి వస్తుంది. నిజం చెబితే ఏం చేయాలి?

ఆగస్టు 26

కంపెనీ మూసేస్తున్నారట. అందరినీ పంపించేస్తున్నారట. నెలన్నరలో వచ్చేస్తానన్నాడు. వాళ్లమ్మకు చెప్పాడు, నాకు కాదు.

సెప్టెంబర్ 10, సోమవారం

వచ్చింది.

జీ నుంచి సీ, సీ నుంచి డీ, మళ్లీ జీ. ఆగకుండా. బాలరాజు అన్న బల్ల మీద దరువేస్తుంటే దానికి సరిగ్గా పడింది. ఆయన చేతిలో నూనె డబ్బా పక్కన పెట్టి, "మల్లొక్కసారి" అన్నాడు. మళ్లీ వచ్చింది.

లెక్క చూస్తే డెబ్బై రోజులు. అంటే వాళ్లిద్దరూ కనీసం డెబ్బై రోజులు...

ఇవాళ లెక్క చూడాలనిపించలేదు. రాయాలి కాబట్టి రాశాను.

అక్టోబర్ 10, బుధవారం

బతుకమ్మ మొదలైంది. మధ్యాహ్నం ఇంట్లో ఎవరూ లేరనుకుని బతుకమ్మ ఆడేటప్పటి పాట వరుస మూడు కార్డుల మీద పెట్టుకుంటున్నాను. తలుపు దగ్గర చప్పట్లు. అత్తమ్మ మొగిలవ్వ. చీర కొంగు నడుముకు చుట్టుకుని తాళం వేస్తోంది.

"గిదా నువ్వు కోరుట్లల నేర్చుకునేది?"

"గిదే."

"ముందుగాల చెప్పద్దా? నేను ఏమేమో అనుకుంటి" అని, కాసేపు నిలబడి, "పోరనికి ఏమేమో చెప్తి" అంది.

అక్టోబర్ 12, శుక్రవారం

వచ్చాడు. ఎడమచేతికి రెండు వేళ్లు లేవు.

అక్టోబర్ 14, ఆదివారం

మొన్న రాయడానికి చేతులాడలేదు.

శుక్రవారం మధ్యాహ్నం కారు దిగాడు. ఎడమచెయ్యి జేబులో ఉంది. కుడిచేత్తోనే వాళ్లమ్మ కాళ్లు ముట్టుకున్నాడు, కుడిచేత్తోనే సూట్‌కేసు దింపుకున్నాడు. నేను చేయి కడుక్కోమని చెంబుతో నీళ్లు ఇచ్చాను. రెండు చేతులూ పట్టాలి కదా. పట్టలేదు. "నువ్వు వొయ్యి" అన్నాడు. "ఆ చెయ్యి గూడ వెట్టు" అన్నాను.

పెట్టాడు.

నడిమి వేలు, దాని పక్క వేలు లేవు. మొదళ్ల దగ్గర తోలు మెరుస్తోంది. చూపుడువేలు మాత్రం బాగానే ఉంది, చిటికెనవేలు కొంచెం వంగింది. అత్తమ్మ గుండెలు బాదుకుంది. నేను నీళ్లు పోస్తూనే ఉన్నాను. చెంబు ఖాళీ అయింది.

"ఎప్పుడు?"

"రెండేండ్లాయె. అల్మినియం కోసే మిషన్ల వడ్డయి."

రెండేళ్లు. ఫోన్లో ముఖం, సున్నం గోడ.

అత్తమ్మ ఏడ్చి ఏడ్చి పడుకున్నాక అడిగాను. గిటారు ఎవరిదని.

"నాదే."

"తీగలెందుకు తిప్పి ఉన్నయ్?"

నా వైపు వింతగా చూశాడు. అది నాకెట్లా తెలుసని. "గీ చెయ్యితోని నొక్కుడు కాదు గద. కుడిచేత్తో నొక్కాలె, దీంతోని మీటాలె. అందుకని జాయ్ తిప్పి కట్టిండు."

కట్టిండు.

జాయ్ కేరళ మనిషి, క్యాంపు దవాఖానలో కాంపౌండరు. చేతికి కట్టు కట్టింది అతనే. కట్టు విప్పాక మా ఆయన చెయ్యిని చంకలో దాచుకుని పనికి కూడా పోకుండా పడుకున్నాడట. చెయ్యి కదపకపోతే మిగతా వేళ్లు కూడా ముడుచుకుపోతాయని జాయ్ తన దగ్గర వాడకుండా పడి ఉన్న గిటారు తెచ్చి ఒళ్లో పెట్టి, నువ్వే ఉంచుకో అన్నాడట. "నాకద్దు పో అని ఇసిరికొట్టిన. మల్లోరోజు మల్ల తెచ్చిండు" అన్నాడు. ఈ ఎండాకాలం జాయ్ కేరళకు వెళ్లిపోయాక, అక్కడ ఒక్కడే వాయించబుద్ధి గాక గిటారును ఇంటికి పంపాడట.

"నాకెందుకు జెప్పలే?"

"చెప్తె ఇంటికి రమ్మంటవ్."

"రమ్మంటె?"

"రావాల్సత్తది గద."

నేను ఆయన కుడిచెయ్యి పట్టుకుని చూశాను. వేళ్ల కొసలు గట్టిగా, కాయలు కాచి ఉన్నాయి. ఆయన నా కుడిచేతి వేళ్లు తడిమి చూసి ఆగిపోయాడు. బీడీలు చుట్టేవాళ్లకు అక్కడ కాయలు కాయవు.

"నువ్వు గూడనా?" అన్నాడు. సంతోషపడతాడనుకున్నాను. పడలేదు. చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

అక్టోబర్ 21, ఆదివారం

జాయ్‌ని చూపించమన్నాను. కోపమొచ్చింది ఆయనకు. "పోలీసుల్లెక్క అడుగుతున్నవ్" అన్నాడు. అయినా వీడియో కలిపాడు.

బట్టతల మనిషి. లుంగీ మీద ఉన్నాడు. కేరళలో వాళ్లింట్లో చేపలు కడుగుతున్నాడు. చేపల గిన్నె ఫోనుకు చూపించి, నాతో హిందీలో, "భాభీ, మహీ బహుత్ రోతా థా" అన్నాడు. బాగా ఏడ్చేవాడట. ఆయన ఫోన్ లాక్కుని కట్ చేశాడు.

నాలుగు నెలలు ఈ బట్టతల మనిషికి మనసులో ఎన్ని చీరలు కట్టాను!

నవ్వుకోవాలి నేను. కానీ ఆ ఏడుపు నాకు తెలియాల్సింది. చేపలు కడుక్కునే మనిషికి తెలిసింది, నాకు తెలియలేదు.

నవంబర్ 4

నా ముందు గిటారు ముట్టడు. నేను రేషన్ షాపుకు పోయినప్పుడు తలుపేసుకుని వాయిస్తాడని అత్తమ్మ చెప్పింది. నేను వాయిస్తే లేచి బయటకు పోతాడు.

చెయ్యికి రుమాలు చుట్టుకునే ఊర్లోకి పోతాడు. ముట్టుకోనివ్వడు.

నవంబర్ 12, సోమవారం

ఆయన చొక్కా జేబులో కొత్త పాస్‌పోర్టు ఫొటోలు. తెల్ల బ్యాక్‌గ్రౌండు, ఎనిమిది. అడిగితే "రేషన్ కార్డుకు" అన్నాడు. రేషన్ కార్డుకు ఎనిమిదెందుకు?

నవంబర్ 15

జగిత్యాల ఏజెంటు వెంకటేశం దగ్గరికి పోతున్నాడు. రెండుసార్లు పోయాడు. ఏదో ప్యాకింగ్ పని. నాకు చెప్పలేదు, ఫోన్లో మాట్లాడుతుంటే విన్నాను. "చేతికేం లేదు సేటు, అంత మంచిగనే ఉన్నది" అంటున్నాడు.

మళ్లీ సున్నం గోడ.

నవంబర్ 19, సోమవారం

కోరుట్లలో బస్సు దిగి, బాలరాజు అన్న దుకాణం ముందు నిలబడి వెంకటేశానికి ఫోన్ చేశాను. ఆయన ఫోన్లోంచి నంబరు ముందే రాసుకున్నాను.

"మహేందర్‌కు ఎడమచేతికి రెండు వేళ్లు లెవ్వు" అన్నాను.

"నువ్వెవలమ్మా?"

"ఎవలైతేంది. ఉన్నది చెప్తున్న."

"రెండు చేతుల పనమ్మా అది! మెడికల్ టెస్టుల వట్టుబడితె నా పేరు ఖరాబైతది" అని గొణుక్కుంటూ పెట్టేశాడు.

తర్వాత పాఠం. ఒక్క కార్డూ సరిగ్గా పడలేదు. "ఇయ్యాల నీ మనసు ఈడ లేదు, పో" అన్నాడు బాలరాజు అన్న.

ఇంకోసారి మిషన్‌లో చెయ్యి పెట్టకూడదని చెప్పాను. అంతే.

నవంబర్ 20

అంతేనా?

నవంబర్ 23, శుక్రవారం

ఏజెంటు వద్దన్నాడు. ఆయన ఇంటికి వచ్చి రుమాలు విప్పి నేలకేసి కొట్టాడు.

"ఎవలో చెప్పిండ్రు. ఎవలు జెప్పిండ్రు?"

ఊర్లో ఇప్పుడు అందరికీ తెలుసు. ఎవరైనా చెప్పి ఉండొచ్చు అనాల్సింది. నా నోటికి ఇంకో మాట వచ్చింది.

"రంజిత్ గూడ గా ఏజెంటు కాడికే తిరుగుతుండట గద."

అది నిజమే. సెలవు దాటిపోయి పాత వీసా రద్దయింది, మళ్లీ పోవడానికి రంజిత్ కూడా తిరుగుతున్నాడు. నిజమే చెప్పాను. ఆయన ముఖం మారిపోయింది. "ఆ ఒక్క వీసా కోసమా?" అన్నాడు మెల్లగా. పెరట్లోకి పోయి ఫోన్ చేశాడు. రంజిత్‌ను తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను.

రక్తం కారుతున్న చెయ్యి పట్టుకుని ఆయనను క్యాంపు దవాఖానకు మోసుకుపోయింది రంజిత్.

నవంబర్ 24

అన్నం తినలేదు. ఇద్దరం.

నవంబర్ 25, ఆదివారం

పొద్దున్నే బయల్దేరాడు. "ఎటు?" అంటే "కొడిమ్యాలకు. వాని మొఖం జూసి అడుగుత" అన్నాడు. చెప్పులేసుకుని పోయాడు.

పొయ్యి మీద పాలు పెట్టి ఉన్నాయి. దించాను. మళ్లీ పెట్టాను. తర్వాత అత్తమ్మతో "పాలు సూడు" అని చెప్పి పరుగెత్తాను.

బస్సు ఆగేచోట ఒక్కడే కూర్చుని ఉన్నాడు.

"రంజిత్ గాదు. నేనే జెప్పిన."

అర్థం కానట్టు చూశాడు.

"ఏజెంటుకు ఫోన్ జేసింది నేను. సోమారం. కోరుట్లలకెల్లి."

"ఎందుకు?"

"మల్ల పోతె ఈసారి ఏం పోగొట్టుకోని దాసిపెడ్తవోనని." ఊపిరి అందడం లేదు నాకు. అక్కడితో ఆపితే బాగుండేది. ఆపలేకపోయాను. "ఆడ నీకెవలన్న ఉన్నరేమోనని గూడ."

"జాయ్‌ని చూసినవ్ గదనే."

"చూసిన. అయినా."

బస్సు వచ్చింది. కండక్టరు "జగిత్యాల, జగిత్యాల" అని అరిచాడు. ఆయన లేవలేదు. బస్సు పోయింది. కొడతాడనుకున్నాను. ఎన్నడూ కొట్టినవాడు కాదు, అయినా అనుకున్నాను.

"కంపెనీ మూయలే" అన్నాడు.

"ఆ?"

"ఇంక నడుత్తనే ఉన్నది. నేనే రాజినామ రాసిచ్చి అచ్చిన. మా అవ్వ ఫోన్ల చెప్పిన కాడికెల్లి నాకు బుక్క దిగలే. సోమారం సోమారం నువ్వెటు పోతున్నవో చూద్దామని అచ్చిన."

నేను ఆయన పక్కన కూర్చున్నాను.

"చూసినవా మరి?"

"అచ్చిన మూడొద్దులకే సోమారం అచ్చె. నువ్వు బస్సెక్కినంక ఇంకో బండి మీద నీ ఎంబడే కోరుట్ల అచ్చిన. మిషిన్ల దుకాణం ఎదురుంగ చాయ్ హోటల్ల కూసున్న. రెండు గంటలు. ఆరు చాయ్‌లు తాగిన."

"ఏం గన్పడ్డది?"

"ముసలాయన మిషిన్‌కు నూనె వోస్తుండు. నువ్వు తప్పు వాయిత్తె నూనె డబ్బతోని బల్ల మీద కొడ్తుండు." ఆగి, "నువ్వు నాకంటె మంచిగ కార్డులు మారుస్తున్నవ్. నాకు సీ నుంచి డీకి పోవుడు ఇప్పటికి కాదు. గందుకే నీ ముంగట వాయిస్తలేను" అన్నాడు.

నవ్వొచ్చింది నాకు. ఆపుకోవాలనుకున్నాను, ఆగలేదు. ఏడుపు కూడా దానితోనే వచ్చింది. ఆయన "నవ్వకు" అన్నాడు, మళ్లీ అన్నాడు, తర్వాత తనూ తల దించుకుని నవ్వాడు.

"చూసినంక గూడ ఎందుకు జెప్పలే?" అన్నాను.

"ఏమని చెప్పాలె? నీ మీద అనుమానంతోని నౌకరి ఇడిసిపెట్టి అచ్చిన్నని చెప్పాల్నా?"

నా అనుమానం ఒక డైరీ నిండా ఉంది.

"రంజిత్‌ను ఎంతగనం తిట్టినవ్?"

"తిట్టరానియన్ని తిట్టిన."

"నా వల్లనే. పా, పోదాం. నేనే చెప్త."

ఇంకో బస్సుకు ముప్పావు గంట పట్టింది. ఇప్పుడేం పని చేస్తావని నేను అడగలేదు. మళ్లీ పోతావా అని కూడా అడగలేదు. ఆయన కుడిచేతి వేళ్లు మోకాలి మీద కదులుతున్నాయి. సీ, డీ. మధ్యలో ఆగిపోతున్నాయి. "ఉంగరం వేలు లేపకు, జరుపు" అన్నాను. జరిపి చూశాడు.

జగిత్యాల బస్టాండులో ఒకటే జనం. కొడిమ్యాల బస్సు అప్పటికే కదులుతోంది. ఆయన ఎక్కేశాడు, కుడిచేత్తో కడ్డీ పట్టుకున్నాడు. నేను కింద పరుగెత్తుతున్నాను. ఎడమచెయ్యి జేబులోంచి తీసి నాకందించాడు. రుమాలు లేదు. మెట్ల మీద ఉన్న నలుగురూ చూశారు. మూడు వేళ్లతో నా చెయ్యి పట్టుకుని పైకి లాగాడు.

సీటు దొరికాక కూడా నేను వదల్లేదు.